డమ్మీ గొంతు

జూన్ 2, సోమవారం

కొత్త పని దొరికింది. ఇచ్చినావిడ స్పీచ్ థెరపిస్టు, అంటే మాట పడిపోయినవాళ్ల చేత మళ్లీ మాట్లాడించే మనిషి. నాలుగు సర్టిఫికెట్లు ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకుంది కాబట్టి డాక్టరమ్మ అనకపోతే నొచ్చుకునేలా ఉంది. ప్రతి మాటనీ తేనెలో ముంచి తీసి మరీ వదులుతుంది. "చాలా సింపుల్‌గా, చాలా ప్రేమగా ఉండే యాప్ చేద్దామండీ" అంది. ప్రేమగా ఉండే యాప్! రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఆ ఆప్షను ఏ మెనూలోనూ కనబడలేదు.

పని ఇదీ. పక్షవాతం వచ్చి మాట పోయినవాళ్లు ఫోన్లో బొమ్మ నొక్కితే, ఫోను ఆ మాట పైకి పలకాలి. గ్లాసు బొమ్మ నొక్కితే "నీళ్లు కావాలండీ." మంచం బొమ్మ నొక్కితే "పడుకుంటానండీ." మొత్తం పన్నెండు బటన్లు. ముందు ఒక్క పేషెంటుకి ఇచ్చి చూస్తుందట, బాగుంటే మిగతావాళ్లకి.

ఇలాంటివి నేను ఎడంచేత్తో చేసి పారేస్తాను. కోడు రాసే పని లేదు. తయారుగా ఉన్న గడుల్ని లాగి పేర్చడం, ఒకదానికొకటి ముడిపెట్టడం, రంగు వేయడం, అంతే. మా బావమరిది దీన్ని "అతికింపు పని" అంటాడు. "బావా, నువ్వు ప్రోగ్రామర్‌వి కాదు, స్టిక్కర్లు అంటించేవాడివి" అని నలుగురిలో నవ్వుతాడు. వాడు అసలైన ప్రోగ్రామరు. నాలుగు నెలలుగా ఒకే బటన్ని కుడివైపు నుంచి ఎడమవైపుకి జరుపుతున్నాడు, ఇంకా జరగలేదు.

ఉద్యోగం నా అంతట నేనే వదిలేసినవాణ్ని. ఇలాంటి మాటలు నన్నేం చేస్తాయి.

జూన్ 4

డాక్టరమ్మ పన్నెండు మాటల జాబితా పంపింది. నీళ్లు, ఆకలి, నొప్పి, నిద్ర, బాత్రూం, చలి, ఉక్క, టీవీ, బాగున్నాను, సంతోషంగా ఉంది, సారీ, థాంక్యూ.

"కోపంగా ఉంది అన్నది లేదేంటండీ?" అని ఫోన్ చేసి అడిగాను.

"నెగటివ్ ఫీలింగ్స్ మనం ఎంకరేజ్ చేయొద్దండీ."

మాట పోయినవాడికి కోపం కూడా పోతుందని ఆ నాలుగింట్లో ఏ సర్టిఫికెట్లో రాసుందో.

జూన్ 5

ఆవిడ తన గొంతుతో రికార్డు చేసి పంపేలోపు ఆ పన్నెండు గడులూ ఖాళీగా ఉండకూడదు. డమ్మీ పెట్టాలి. ఈ పనిలో ఉన్నవాళ్లందరం చేసేదే. ఫోటో రాకపోతే ఏదో పిల్లి ఫోటో, పేర్లు రాకపోతే ఏబీసీడీ. గొంతు రాలేదు కాబట్టి నా గొంతు.

మొదట "ఒకటి, రెండు, మూడు" అన్నాను. విసుగొచ్చింది. తర్వాత నోటికొచ్చింది వాగాను. నీళ్లకి, "నీకు వేరే పనీపాటా లేదా? ముందు బయటికి నడు." నొప్పికి, "నీ సలహా ఎవడడిగాడు?" సంతోషానికి, "ఆ మొహం చూస్తేనే తెలుస్తోందిలే నీ తెలివి." థాంక్యూకి, "ఏడ్చావులే." చాలా హాయిగా గడిచింది మధ్యాహ్నం.

మా ఆవిడ పక్కగదిలోంచి "ఎవరితో గొడవ?" అని అడిగింది. పని చేసుకుంటున్నానన్నాను. "ఆ ఆఫీసులో ఒక్కరోజు ఇలా నోరు చేసుకుని ఉంటే సరిపోయేది" అంది. నాకు వినబడలేదు.

జూన్ 9

డాక్టరమ్మ గొంతు వచ్చింది. పన్నెండూ పెట్టాను. "నొప్పిగా ఉందండీ" అని ఎంత తీయగా అందంటే, ఆ నొప్పి ఇంకాస్త ఉంటే బాగుండుననిపిస్తుంది.

జూన్ 10, మంగళవారం

పేషెంటు ఇంటికి తీసుకెళ్లింది. ఆయన ప్రింటింగు ప్రెస్సు ఓనరు. కింద ప్రెస్సు, పైన ఇల్లు, మధ్యలో పద్నాలుగు మెట్లు. ఎనిమిది నెలల కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ మాటా పడిపోయాయి. కర్ర పట్టుకుని నడుస్తాడు. ఎదుటివాళ్లు చెప్పేదంతా అర్థమవుతుంది, తిరిగి చెప్పడానికే నోరు రాదు. ఆ నోట్లో మిగిలింది ఒకే ఒక్క మాట. "ఛీ."

యాప్ చూపించాను. మంచి రంగులు, పెద్ద బొమ్మలు. పైనుంచి కిందిదాకా చూసి "ఛీ" అన్నాడు. ఒళ్లు మండింది. తర్వాత తెలిసింది, డాక్టరమ్మని చూసినా అదేనట, కాఫీ ఇచ్చినా అదేనట.

"అది మాట కింద లెక్క కాదండీ. దానంతట అదే వచ్చేస్తుంది" అంది డాక్టరమ్మ, ఆయన ఎదురుగానే. ఆయన ఆవిడ వైపు తిరిగి ఇంకోసారి అన్నాడు. నా దృష్టిలో అది లెక్కే.

ఆ ఇంట్లో మాట్లాడే హక్కంతా అల్లుడిది. మామగారికి చెవుడు లేదు, అయినా ఊరంతా వినబడేలా అరుస్తాడు. "మామయ్యా! ఇంక మీకు రెస్టు! మిషన్లు అమ్మేద్దాం! సరేనా!" శనివారం కొనేవాడు వస్తున్నాడట. మిషన్లు వెళ్లిపోతే కింద గది ఎవరి గోడౌనుకో ఇచ్చేస్తారట. పెద్దాయన అడ్డంగా తల ఊపాడు.

"చూశారా, సరేనంటున్నారు" అన్నాడు అల్లుడు.

తెల్లబోయాను. ఈ జబ్బులో ఒక్కోసారి అవును బదులు కాదని, కాదు బదులు అవునని తల ఊపుతారని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పిందట. దాన్ని అల్లుడు గట్టిగా పట్టుకున్నాడు. మామగారు నిలువుగా ఊపితే సరే అన్నట్టు, అడ్డంగా ఊపితే జబ్బు అన్నట్టు. ఇది నొక్కితే అది జరగాలి అని యాపుల్లో నేను పెట్టే కండిషన్లలో ఇంత చక్కగా పనిచేసేది ఒక్కటీ లేదు.

కాఫీ ఇస్తూ ఆయన భార్య గొంతు తగ్గించి, "ఆయనకి ఇష్టం లేదు బాబూ. రోజూ సాయంత్రం కిందకి దిగి, స్టూలేసుకుని కూర్చుని, నాచేత ఆ పెద్ద మిషనుకి నూనె వేయిస్తారు. ఓ నిమిషం తిప్పించి చూసుకుంటారు. అమ్మేయాలనుకునే మనిషి అలా చేస్తారా? నేను చెబితే, నీకేం తెలుసత్తయ్యా అంటాడు అల్లుడు" అంది.

కాఫీ బాగుంది. మిగతాది నాకెందుకు? నాది పన్నెండు బటన్ల పని.

జూన్ 12

యాప్ లైవ్‌కి, అంటే పేషెంటు ఫోన్లోకి, పంపేశాను. నా ఫోన్లో పన్నెండూ నొక్కి చూశాను. తేనె కారుతోంది.

జూన్ 14, శనివారం

డాక్టరమ్మ ఫోను. మొదటిసారి ఆ గొంతులో తేనె లేదు.

"ఏం పెట్టారండీ అందులో?"

"నా ఫోన్లో బాగానే ఉందండీ."

ఈ వాక్యం ఇప్పటికి ఎంతమంది క్లయింట్లకి చెప్పానో.

జరిగింది ఇదట. కొనేవాడు వచ్చి కూర్చున్నాడు. అల్లుడు బేరం మొదలుపెట్టాడు. పెద్దాయన అప్పటిదాకా ముట్టని ఆ ఫోను తీసి గ్లాసు బొమ్మ నొక్కాడు. గదంతా మారుమోగేలా నా గొంతు. "నీకు వేరే పనీపాటా లేదా? ముందు బయటికి నడు." కొనేవాడు లేచి నిలబడ్డాడు. అల్లుడు "అయ్యో, అది మామయ్య కాదండీ" అంటూ ఫోను లాక్కోబోయేలోపు పెద్దాయన నొప్పి నొక్కాడు. "నీ సలహా ఎవడడిగాడు?" ఆ వచ్చినాయన "ఇంటి పెద్దకి ఇష్టం లేని వస్తువు నేను కొనను" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడట.

"మా ప్రొఫెషన్లో ఇరవై ఏళ్ల పేరండీ నాది" అంది డాక్టరమ్మ. ఏడుస్తోందో తిడుతోందో తెలియలేదు.

నా ఫోన్లో బాగానే ఉంది.

జూన్ 15

తప్పు దొరికింది. నా ఫోన్లో ఉన్నది టెస్టు కాపీ. దాన్ని లైవ్‌కి పంపేటప్పుడు అడుగున చిన్న గడి ఉంటుంది, "లోపలి ఫైళ్లు కూడా మార్చాలా" అని. దానికి టిక్కు పెట్టాలి. పెట్టలేదు. బొమ్మలు, రంగులు కొత్తవి వెళ్లాయి, గొంతులు మాత్రం మొదట ఎక్కించిన డమ్మీవే ఉండిపోయాయి. ఆ గడి అంత అడుగున, అంత లేత రంగులో పెట్టినవాణ్ని అనాలి. మనిషన్నవాడికి కనబడే చోట పెట్టాలా వద్దా?

బావమరిదికి చెప్పలేదు.

జూన్ 16

సరిచేశాను. డాక్టరమ్మ ఇక నాతో పని లేదంది. దానికి నేనేం కుంగిపోలేదు. యాప్ తాళాలు, అంటే పాస్‌వర్డులు, ఇంకా నా దగ్గరే ఉన్నాయి, వాటిని మార్చుకోవాలని కూడా తెలియదావిడకి.

మధ్యాహ్నం అల్లుడు ఫోన్ చేశాడు. తిడతాడనుకుంటే చాలా మర్యాదగా మాట్లాడాడు. ఒక ఉత్తరం కావాలట. "ఆ మాటలు పేషెంటు అన్నవి కావు, యాప్‌లో లోపం వల్ల అలా వినబడ్డాయి" అని రాసి సంతకం పెట్టివ్వాలట. అది కొనేవాడికి చూపించి 28న మళ్లీ పిలుస్తాడట.

రాసిచ్చాను. నిజమే కదా.

జూన్ 19

పనేం లేదు. ఒక జిమ్ము ఓనరు యాప్ కావాలని వచ్చాడు. అద్దంలో తనను తాను చూసుకుంటూ అరగంట మాట్లాడి వెళ్లాడు.

జూన్ 20

ఆ ఉత్తరంలో అబద్ధమేమీ లేదు.

జూన్ 21

ఇంకోసారి చదివాను. ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.

జూన్ 23, సోమవారం

ప్రెస్సాయన భార్య ఫోన్ చేసింది. తిట్లకి సిద్ధపడి ఎత్తాను.

"బాబూ, ఆ గొంతు తీసేశారేం?"

తప్పుగా పడిందండీ, సరిచేశానన్నాను.

"సరిచేసినప్పటి నుంచీ ఆయన ఫోను ముట్టుకోవడం లేదు. ఆ డాక్టరమ్మ గొంతు వినగానే మంచం మీద పడేస్తున్నారు. నేనొకటి చెప్పనా? ఆరోజు ఆయన మొదటిసారి నొక్కింది నీళ్లకే. నాకు తెలుసు, గొంతు ఎండిపోయింది. కానీ రెండోసారి అలా కాదు బాబూ. ఆ వచ్చినాయన మొహంలోకి చూసి మరీ నొక్కారు. మా ఇంట్లో ఎనిమిది నెలల తర్వాత ఆయన మాట్లాడినట్టు అనిపించింది నాకు. జబ్బు రాకముందు అచ్చం అలాగే మాట్లాడేవారు. పొద్దున్న లేస్తే తిట్లే. అండీ అనడం ఎప్పుడైనా ఎరుగుదునా నేను? ఇప్పుడేమో ఎవరో ఆడమనిషి గొంతుతో థాంక్యూ అండీ అంటుంటే, ఆ మనిషి ఎవరో నాకే తెలియడం లేదు."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"మీ ఉత్తరం అల్లుడు హాల్లో అందరికీ చదివి వినిపించాడు. ఆయన కూడా విన్నారు" అంది.

ఫోను పెట్టాక పాత పేజీలు వెనక్కి తిప్పాను. ఉద్యోగం నేనే వదిలేశానని ఈ డైరీలో ఎన్నిచోట్ల రాసుకున్నానో లెక్కలేదు. పంపించేశారు. గదిలో ఆరుగురు కూర్చుని, నేను చేయని తప్పు నా మీద పడేసి, ఏమన్నా చెప్పుకుంటావా అని అడిగారు. నాకు పక్షవాతం లేదు. నోరు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. "ఏం లేదు సార్, థాంక్యూ సార్" అని వచ్చేశాను. తిట్లన్నీ ఇంటికొచ్చాక స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని తిట్టాను. పెద్ద మొనగాణ్ని.

జూన్ 25, బుధవారం

అల్లుడు ఆఫీసుకి వెళ్లే వేళ చూసుకుని వెళ్లాను. పెద్దాయన కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. నన్ను చూసి "ఛీ" అన్నాడు. తగినదే.

ఆయనకి విడిగా ఒక కాపీ చేసిస్తానని, ఏం కావాలంటే అది నా గొంతుతో పెడతానని చెప్పాను. పద్ధతి ఆయనే పెట్టాడు. నేను రికార్డు చేసి వినిపిస్తాను. వద్దంటే ఎడంచేత్తో ఫోను పక్కకి నెట్టేస్తాడు, కావాలంటే దాని మీద చెయ్యి వేసి ఉంచుతాడు. తల ఊపడం మానేశాడు. దానికి విలువ లేకుండా చేశారు కదా.

మొదట తిట్లు మొదలుపెట్టాను. నా దగ్గర లోటేముంది? రకరకాలవి వినిపించాను. ఒకటి రెండింటికి మూతి ఒక పక్కకి లాగాడు, నవ్వే అనుకుంటాను. కానీ అన్నీ పక్కకి నెట్టేశాడు. "మిషన్లు అమ్మను" అని రికార్డు చేశాను. అదీ నెట్టేశాడు. ఈ మాట ఎందుకు వద్దో నాకు అర్థం కాలేదు.

ఆయన భార్య వైపు తిరిగి, "ఆయనకి ఏం కావాలంటారు? బహుశా అల్లుడిని నేరుగా ఏదన్నా..." అని అడుగుతున్నాను. "అది కాదేమో బాబూ, మనవాళ్లందరికీ..." అని ఆవిడ అంటోంది. ఇద్దరం ఆయన తల మీదుగా మాట్లాడుకుంటున్నాం. బల్ల మీద దెబ్బ పడింది. కప్పు ఎగిరి కింద పడింది. ఆయన ఎడంచెయ్యి బల్ల మీద ఉంది, కళ్లు నా మీద ఉన్నాయి, నోరు తెరిచి ఉంది. ఆ నోట్లోంచి ఏదీ రాలేదు. అయినా నోరు మూయలేదు. మేమిద్దరం నోరు మూసుకుని చూస్తూ కూర్చున్నాం.

అప్పుడు ఫోను తీసి, "ఆగు. నేనింకా చెప్పడం అయిపోలేదు" అని రికార్డు చేశాను.

వినిపిస్తే నెట్టలేదు. అలాగని చెయ్యీ వేయలేదు. మాట సరైనదే, పలికిన తీరు నచ్చలేదు. నిజమే, నా అలవాటు కొద్దీ వెటకారంగా అన్నాను. మెత్తగా అంటే నెట్టేశాడు. కోపంగా అంటే నెట్టేశాడు. బతిమాలుతున్నట్టు వచ్చిందొకటి, దానికి ఫోను నా ఒళ్లో విసిరేశాడు. పన్నెండోసారో పదమూడోసారో, ఏ తీరూ లేకుండా, పక్కవాడిని కాస్త జరగమన్నట్టు మామూలుగా అన్నాను. చెయ్యి వేశాడు.

ఏ బటన్ తీసేసి అక్కడ పెట్టమంటారని అడిగాను. చేతులు జోడించిన బొమ్మ చూపించాడు. థాంక్యూ.

జూన్ 28, శనివారం

వెళ్లకూడదనుకున్నాను. వెళ్లాను.

హాల్లో కొనేవాడు, అల్లుడు, కుర్చీలో పెద్దాయన, పక్కన ఆయన భార్య. అల్లుడు నన్ను చూసి సంతోషించాడు. "సమయానికొచ్చారు. సార్‌కి మీరే చెప్పండి" అన్నాడు, నా ఉత్తరం చేతిలో ఆడిస్తూ. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో కూడా పెట్టించాడు.

"మామయ్యకి అన్నీ చెప్పి ఒప్పించానండీ. ఆయనకి..."

"ఆగు. నేనింకా చెప్పడం అయిపోలేదు."

నా గొంతే.

అల్లుడు నవ్వాడు. "ఇదిగో, మళ్లీ అదే. యాప్ పాడైపోయిందండీ. ఏమండీ, ఇది మీ తప్పేనని రాసిచ్చారు కదా, చెప్పండి."

నలుగురూ నా వైపు తిరిగారు. ఆ పాత గది, ఆ ఆరుగురూ గుర్తొచ్చారు. "ఏం లేదండీ" అన్న మాట నాలుక మీదికి వచ్చేసింది కూడా.

"పోయినసారి తప్పు నాదే. ఇవాళ యాప్ సరిగ్గానే పనిచేస్తోంది. ఆయన ఏది నొక్కారో అదే పలికింది. ఆ బటను ఆయనే పెట్టించుకున్నారు" అన్నాను. గొంతు కొంచెం వణికింది. పెద్దాయన అయితే అలా పలికిన రికార్డింగుని పక్కకి నెట్టేసేవాడు.

"మీకేం తెలుసండీ మా ఇంటి..." అని అల్లుడు లేచాడు.

"ఆగు. నేనింకా చెప్పడం అయిపోలేదు."

కొనేవాడు చెయ్యెత్తి అల్లుడిని ఆపాడు. "చెప్పనివ్వండి" అన్నాడు.

అందరం ఎదురుచూశాం. పెద్దాయన ఇంకే బటనూ నొక్కలేదు. ఫోను ఎడంచేతిలోనే పట్టుకుని, కర్ర చంకలో ఇరికించుకుని లేచాడు. భార్య పట్టుకోబోతే భుజంతో తోసేశాడు. మెట్ల దగ్గరికి నడిచి గోడకి ఆనుకుని ఒక్కొక్క మెట్టూ దిగడం మొదలుపెట్టాడు. మేమంతా వెనక. నాలుగో మెట్టు మీద అల్లుడు "మామయ్యా, పడతారు, ఇవన్నీ ఎందుకిప్పుడు" అన్నాడు. వెనక్కి తిరగకుండానే నొక్కాడు. తొమ్మిదో మెట్టు మీద "అత్తయ్యా, నువ్వైనా చెప్పు" అన్నాడు. మళ్లీ నొక్కాడు. ఆవిడ చెప్పలేదు. పద్నాలుగు మెట్లకి ఎంతసేపు పట్టిందో తెలియదు.

కింద సిరా వాసన, కిరసనాయిలు వాసన. పెద్ద మిషను దగ్గరికి వెళ్లి, ఫోను చొక్కా జేబులో వేసుకుని, గోడకున్న స్విచ్చు ఎడంచేత్తో వేశాడు. బెల్టు ఒకసారి జారింది, తర్వాత పట్టుకుంది. మిషను తిరగడం మొదలుపెట్టింది. ఆయన స్టూలు లాక్కుని దాని ముందు కూర్చున్నాడు.

కొనేవాడు కాసేపు చూసి, ఆయనకి నమస్కారం పెట్టి, షట్టరు కిందనుంచి వంగి బయటికి వెళ్లిపోయాడు. అల్లుడు నా ఉత్తరం ఊపుతూ, ముందు అటు పరిగెత్తి, మళ్లీ ఇటొచ్చి, మామగారికి ఏదో చెబుతున్నాడు. చేతులు తిప్పుతున్నాడు, నోరు కదుపుతున్నాడు. ఆ మిషను చప్పుడులో ఒక్క ముక్క కూడా వినబడలేదు.